ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం: దేనికీ కట్టుబడకుండా బతకడానికి చిట్కాలు

నిర్ణయాలు ఎలా తీసుకోవాలో చెప్పే పుస్తకాలు రైల్వే స్టేషన్ స్టాళ్ళలో దొంతర్లుగా పడి ఉంటాయి. ఏ నిర్ణయమూ తీసుకోకుండా ముప్ఫై దాటడం ఎలాగో, ఆ ఊపులోనే నలభై కూడా గట్టెక్కడం ఎలాగో చెప్పే పుస్తకం మాత్రం కనపడదు. ఫోన్‌లో ఇరవై బయోడేటాలు, డ్రాయర్లో నాలుగు వెంచర్ల బ్రోచర్లు, మెయిల్లో జవాబు రాయని రెండు ఆఫర్ లెటర్లు పెట్టుకుని "ఇంకా ఆలోచిస్తున్నాను" అంటూ తిరిగే లక్షణమైన మనుషుల కోసం ఈ వ్యాసం.

ముందు సిద్ధాంతం. మనం పిరికివాళ్ళమని బయట ప్రచారం ఉంది. నమ్మకండి. మనకి ఫలానా అబ్బాయన్నా, ఫలానా ఫ్లాటన్నా భయమేమీ లేదు. అయితే ఒక సంబంధానికి సరేనంటే, ఇంకా చూడని వంద సంబంధాలకి కాదన్నట్టే కదా. చూసిన అబ్బాయికి జుట్టు పలచబడుతోంది. చూసిన ఫ్లాటుకి పడమటి వాకిలి. చూడనివాటికి ఏ లోపమూ లేదు, ఉండే అవకాశమే లేదు. మాట ఇవ్వడమంటే ఆ లోపం లేనివాటిని చేతులారా వదులుకోవడం. తెలిసి తెలిసి ఇంత నష్టానికి ఎవరొప్పుకుంటారు?

చిట్కా 1: ఆదిగురువుని తలుచుకోండి

వామనుడు మూడడుగులు అడిగితే బలి చక్రవర్తి వెనకా ముందూ చూడకుండా ఇస్తానన్నాడు. వద్దన్నవాడు పక్కనున్న శుక్రాచార్యుడు. వచ్చినవాడెవడో చెప్పాడు. రెండడుగులకే ఉన్నదంతా చెల్లిపోతుంది, మూడోదానికి ఏం పెడతావని లెక్క చెప్పాడు. ఏయే సందర్భాల్లో బొంకినా పాపం అంటదో కూడా వివరించాడు. అయినా శిష్యుడు వినకపోయేసరికి, ధారపోసే నీళ్ళు పడకుండా పాత్ర మూతికి అడ్డం పడ్డాడు. దర్భపుల్ల పొడుచుకుని ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఆయన లెక్కలో ఒక్క తప్పు లేదు, చెప్పినదంతా చెప్పినట్టే జరిగింది. అయినా లోకం దాత అంటే బలి పేరే చెబుతుంది తప్ప, సరిగ్గా లెక్కగట్టిన గురువుగారి పేరెత్తదు. లోకం తీరే అంత, పట్టించుకోకండి.

వాదనకి బలం కావాలంటే మాట ఇచ్చి చెడినవాళ్ళ పట్టిక ఎలాగూ ఉంది. దశరథుడు కైకకి రెండు వరాలిచ్చాడు, తేదీ, మొత్తం రాయకుండా సంతకం పెట్టిచ్చిన చెక్కులాగా. హరిశ్చంద్రుడి సంగతి సరేసరి. భీష్ముడైతే ఇచ్చిన మాటకి తన పెళ్ళినే బలిపెట్టాడు.

"ఎంతకాలం ఆలోచిస్తావురా?" అని పెద్దవాళ్ళు నిలదీస్తే మహాభారతం శాంతిపర్వంలోని చిరకారి కథ చెప్పండి. తల్లిని చంపమని తండ్రి గౌతముడు కోపంతో ఆజ్ఞాపించి వెళ్తాడు. ఏ పనికైనా దీర్ఘంగా ఆలోచించే ఆ కొడుకు ఆలోచిస్తూనే ఉండిపోతాడు. తండ్రి పశ్చాత్తాపంతో పరుగెత్తుకొచ్చేసరికి తల్లి క్షేమంగా ఉంటుంది, ఆలస్యం చేసినందుకు కొడుకుని మెచ్చుకుంటాడు. ఇక్కడితో కథ ఆపేయండి. చిరకారి ఆలస్యం తల్లిని కాపాడింది, మన ఆలస్యం కాపాడేది మనల్నే. ఈ తేడా వాళ్ళకి తట్టేలోపు మాట మార్చండి.

చిట్కా 2: పంచాంగం దగ్గరుంచుకోండి

దేవుణ్ణి నమ్మకపోయినా ఫరవాలేదు, పంచాంగాన్ని నమ్మండి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో పెళ్ళిమాట ఎవరూ ఎత్తరు. సుమారు ముప్ఫైరెండు, ముప్ఫైమూడు నెలలకోసారి అధికమాసం వచ్చి ఇంకో నెల కలిసొస్తుంది. ఆపైన మూఢం ఉండనే ఉంది. గురుడో, శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కంటికి కనపడకుండా పోతే ముహూర్తాలుండవు. ఆ శుక్రుడెవరో కాదు, పై చిట్కాలోని గురువుగారే. కన్ను పోయినా శిష్యుల్ని మరిచిపోలేదు.

శ్రావణం, మాఘం మాత్రం ప్రమాదకరమైన నెలలు. వీలైతే అప్పుడు ఆఫీసులో ప్రాజెక్టు రిలీజ్ ఉండేట్టు చూసుకోండి.

చిట్కా 3: పెళ్ళిచూపులకి వెళ్ళడం మాత్రం మానకండి

చేసుకోవాలని లేనివాడు పెళ్ళిచూపులకి వెళ్ళడని అమాయకులు అనుకుంటారు. వెళ్ళకపోతే ఇష్టం లేదని తేలిపోతుంది. తేలనివ్వడమే మన పద్ధతి కాదు.

ఆదివారం రాహుకాలం నాలుగున్నరకి మొదలవుతుంది కాబట్టి మూడింటికల్లా చేరండి. కర్టెన్లు కొత్తవి. కుర్చీల్లో రెండు పక్కింటివి, అందుకే మిగతావాటితో రంగు కలవదు. ప్లేటులో కాజా, కారబ్బూందీ, నాలుగు జీడిపప్పులు. "అన్నీ అమ్మాయే చేసిందండీ" అంటారు. కాజా మీద స్వీట్ల షాపు కాగితం గుర్తు కనపడినా చూడనట్టు ఊరుకోండి. పిల్లలిద్దరినీ మాట్లాడుకోమని బాల్కనీలోకి పంపుతారు. అక్కడ వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి, ప్రయాణాలంటే ఇష్టమని మీరు చెప్పండి. ఆ అమ్మాయీ అదే చెబుతుంది.

అసలు ఘట్టం తిరుగు ప్రయాణంలో ఉంది. అమ్మాయి తండ్రి చెప్పులేసుకుని గేటు దాకా వస్తాడు. కారు తలుపు వేసేదాకా నిలబడతాడు. ఏ సంగతీ అడగడు. అడగడం మర్యాద కాదని ఆయనకి తెలుసు. అప్పుడు అద్దం సగం దించి మన ఆయుధం తియ్యాలి: "ఇంటికెళ్ళి ఫోన్ చేస్తామండీ."

ఇక ఫోన్ చెయ్యకండి. ఆ ఇంట్లో వాళ్ళు పదిహేను రోజులు ఫోన్ ఛార్జింగ్ తగ్గనివ్వరు. పెళ్ళిళ్ళ పేరయ్య ఇంకో సంబంధం తెస్తే "ఒకళ్ళ కబురు రావాలి, అది తేలాక చూద్దాం" అని ఆపుతారు. గమనించారా? మీరు ఒక్క మాటా ఇవ్వలేదు, వాళ్ళు మాత్రం మీకు కట్టుబడి కూర్చున్నారు. రూపాయి ఖర్చు లేకుండా అవతలివాళ్ళ పదిహేను రోజులు మీ పేర రాయించుకున్నారు. ఈ విద్యలో ఇంతకన్నా పై మెట్టు లేదు.

చిట్కా 4: కాదని కూడా అనకండి

కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే. ఔననకపోతే చాలనుకుని ధైర్యంగా కాదనేస్తారు. కాదనడం కూడా నిర్ణయమే, దానికీ కట్టుబడాలి.

సంబంధం వద్దనడానికి మన పెద్దలు ఒక చక్కటి దారి వేసిపెట్టారు: "జాతకాలు కుదరలేదండీ." ముప్ఫైఆరు గుణాల్లో పద్ధెనిమిదైనా కలవాలన్న లెక్క మీద ఎన్ని ఇళ్ళ మర్యాద నిలబడిందో చెప్పలేం. అబ్బాయి నచ్చకపోయినా, అత్తగారి నోరు చూసి జడుసుకున్నా నెపం గ్రహాల మీదకి పోతుంది. రేపు ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే రెండిళ్ళవాళ్ళూ నవ్వుతూ పలకరించుకోవచ్చు. అవతలివాళ్ళు మర్నాడే ఇంకో సంబంధం చూసుకోవచ్చు.

ఇంత ఉపకారం మనకెందుకు? "ఇంకో సిద్ధాంతిగారికి చూపిస్తున్నాం" అనండి. ఆయన కాశీ వెళ్ళారనండి. దుబాయ్‌లో ఉన్న బావగారు వచ్చి ఒకసారి చూడాలనండి.

కొన్నాళ్ళకి ఆ ఇంటి శుభలేఖ వాట్సాప్‌లో వస్తుంది. ఆ రోజు రాత్రి మీకో వింత సంగతి తెలుస్తుంది: ఆ అమ్మాయి మీకు బాగా నచ్చింది. కంగారుపడకండి. చెయ్యిదాటిపోయినది ఏదైనా వెంటనే చూడనివాటి వరసలో చేరి, లోపాలన్నీ పోగొట్టుకుంటుంది. వచ్చే ఆదివారం ఇంకో ఇంటికి మూడింటికల్లా చేరితే సర్దుకుంటుంది.

చిట్కా 5: "అది అయ్యాక" అనే నిచ్చెన ఎక్కండి

ఈ నిచ్చెనకి పై మెట్టు ఉండకూడదు. అమెరికాలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకి ప్రభుత్వమే మెట్లు కట్టిపెట్టింది. ముందు ఎంఎస్ అయ్యాక. తర్వాత హెచ్-1బి లాటరీ తగిలాక: ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకి మరో 20,000. ఆ తర్వాత గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయ్యాక. చివరికి గ్రీన్ కార్డు వచ్చాక. ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ళ వరస ఎంత పొడుగుందో తెలిసిందే. "గ్రీన్ కార్డు వచ్చాక" అనే మెట్టు మీదికి చేరినవాళ్ళకి ఇక ఎవరి సలహా అక్కర్లేదు.

ఇక్కడున్నవాళ్ళూ నిరాశపడనక్కర్లేదు. "గ్రూప్-1 అయ్యాక చేసుకుంటా" అన్న తెలంగాణ కుర్రాళ్ళు 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాశారు, అదీ రద్దయింది. 2024 జూన్‌లో మరోసారి కూర్చున్నారు.

వీసా బాధ అబద్ధం కాదు, పరీక్ష రద్దు వాళ్ళ తప్పూ కాదు. ఈ చిట్కా బలం అంతా అందులోనే ఉంది. అబద్ధపు సాకు ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. నిజం సాకుని ఎవరూ పట్టుకోలేరు, చెప్పేవాడు కూడా.

చిట్కా 6: జాబితా రాయండి, పూర్తిచెయ్యకండి

లాభాలు ఒకపక్క, నష్టాలు ఒకపక్క గీత గీసి రాయడం మంచి కాలక్షేపం. కానీ డార్విన్ చేసిన పొరపాటు చెయ్యకండి. 1838 జూలైలో ఆయన సరిగ్గా ఇలాగే కాగితం మీద పెళ్ళి గురించి రెండు వరసలు రాశాడు. చేసుకుంటే పుస్తకాలకి డబ్బు మిగలదు, సమయం పోతుంది, చుట్టాల ఇళ్ళకి తప్పక వెళ్ళాలి. చేసుకోకపోతే ముసలితనంలో తోడుండదు. కుక్కని పెంచుకోవడంకన్నా నయమన్న లెక్క కూడా వేశాడు. అంతవరకూ మన మనిషే. ఆ తర్వాత కాగితం కింద చేసుకోవాలని తేల్చి రాసేశాడు. నవంబరులో ఎమ్మా వెజ్‌వుడ్‌ని అడిగాడు, 1839 జనవరిలో పెళ్ళయింది, పదిమంది పిల్లలు పుట్టారు. పుస్తకాలకి డబ్బు సరిపోక ఆయన రాయడం మానేసిన దాఖలా ఏదీ లేదు.

మనం చెప్పుకోవాల్సినవాడు డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్. 1840 సెప్టెంబరులో రెగీనా ఓల్సెన్‌ని పెళ్ళిచేసుకుంటానని అడిగాడు, ఆమె ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఉంగరం తిప్పి పంపేశాడు. 1843లో, ఇదా అదా అన్న సందిగ్ధం మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఆమె 1847లో ఇంకొకరిని చేసుకుని కాపురం చేసుకుంది. ఇక్కడిదాకా చెప్పి ఊరుకోవాలి. ఎందుకంటే ఆయన జీవితాంతం ఆమెని తలుచుకుంటూనే రాశాడు, పెళ్ళి మరి చేసుకోలేదు. 1855లో పోయేటప్పుడు తనకున్నది ఆమెకే చెందాలని వీలునామా రాసిపెట్టాడు. కట్టుబడకుండా తప్పించుకున్నవాడు, కట్టుబడ్డ మగడికన్నా గట్టిగా కట్టుబడిపోయాడన్నమాట. ఈ ముక్క కొత్తవాళ్ళ చెవిన పడనివ్వకండి.

చిట్కా 7: భయాన్ని సరైన చోట పెట్టకండి

అయిదేళ్ళుగా సంబంధం తేల్చనివాడు, చిట్టీ పాడుకున్న కొలీగ్‌కి షూరిటీ సంతకం టీ తాగినంత సేపట్లో పెట్టేస్తాడు. జీతం స్లిప్పు, ఆధార్ జెరాక్సు తనే తెచ్చిస్తాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు రాసుకోకపోతే, అసలు బాకీదారుకి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే. వాడు కట్టకపోతే మీ జీతంలోంచి కడతారు. నిజంగా కాళ్ళు వణకాల్సిన చోటు అది. అక్కడ వణకకండి.

మనకి కావలసిన శక్తి పేరు మొహమాటం. ఎదురుగా కూర్చుని ముఖంలో ముఖం పెట్టి అడిగేవాడికి కాదనలేం. ఇంకా రాని ఇరవయ్యేళ్ళకి ఔననలేం. అందుకే గంట పరిచయం ఉన్నవాడి అప్పుకి సంతకం పెడతాం, ఆరేళ్ళుగా తెలిసిన మనిషితో "ఇంకొంచెం టైమ్ కావాలి" అంటాం. ఫోన్‌లో ప్రతి యాప్ అడిగే నలభై పేజీల షరతులకి చదవకుండా ఒప్పుకుంటాం. కాఫీ చల్లారేలోపు తేలిపోయే విషయానికి మాత్రం లాయర్ సలహా కోరతాం.

ఒక హెచ్చరిక: కొందరి భయం మన భయం కాదు. పెళ్ళయితే ఊరు మారాలి, ఉద్యోగం మానాలి, వంటిల్లు తనదే అవుతుందని తెలిసిన అమ్మాయి ఆలోచిస్తుందంటే ఆమె చూడనివాటి కోసం ఆశపడటం లేదు. చూసినదాన్నే తూకం వేస్తోంది. ఇల్లెవరు చూస్తారు, జీతమెవరి దగ్గరుంటుందని సూటిగా అడుగుతుంది, జవాబు నచ్చితే ఔనంటుంది, నచ్చకపోతే కాదంటుంది. ఇలాంటివాళ్ళకి ఈ వ్యాసం దండగ.

చిట్కా 8: చిన్నవాటితో సాధన చెయ్యండి

పెద్ద విషయాలు రోజూ రావు. గృహప్రవేశాలు, బారసాలలు, షష్టిపూర్తులు వస్తూనే ఉంటాయి. "భోజనాల లెక్క చెప్పాలి, ఎంతమంది వస్తారు వదినా?" అని ఫోన్ వస్తే "వీలు చూసుకుని వస్తాం" అనండి. క్యాటరింగ్ వాళ్ళకి ప్లేట్ల లెక్క ముందే చెప్పాలి, మనిషి వచ్చినా రాకపోయినా ఆ ప్లేటుకి డబ్బు కట్టాలి. మీలాంటివాళ్ళు నలభై కుటుంబాలుంటే ఆ ఇంటాయన నూటయాభై ప్లేట్లు చెప్పాలా, మూడొందలా అని రాత్రంతా లెక్కలేస్తాడు. ఎక్కువ చెబితే పులిహోర బకెట్లతో మిగిలిపోతుంది. తక్కువ చెబితే చివరి బంతికి పప్పులో నీళ్ళు పడతాయి, ఆ ఇంటికి జన్మంతా మాట మిగిలిపోతుంది.

మాట ఇవ్వకపోతే ఖర్చుండదని అనుకునేవాళ్ళకి ఈ పులిహోర బకెట్లు చూపించండి. ఖర్చు ఎప్పుడూ ఉంటుంది. బిల్లు వేరే చిరునామాకి వెళ్తుంది, అంతే. ఈ చిట్కాలన్నీ నిలబడింది ఆ ఒక్క సదుపాయం మీదే.

చిట్కా 9: మార్చుకునే వీలున్నవాటినే తీసుకోండి

బీమా పాలసీ నచ్చకపోతే చేతికొచ్చిన 30 రోజుల్లో తిప్పి ఇచ్చెయ్యొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న చొక్కాకి ఇంటికొచ్చి మరీ వాపసు తీసుకుంటారు. జీవితమంతా ఇలాగే ఉండాలని కోరుకోవడంలో తప్పులేదు. సైట్ విజిట్‌కి కారు పంపిస్తే ఎక్కండి, వాళ్ళు పెట్టిన భోజనం చెయ్యండి. రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చెయ్యకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని బిల్డరుకి గుర్తుచేసి, ఆ పది శాతం కూడా ఇవ్వకుండా లేచి రండి.

హార్వర్డ్ నుంచి వచ్చిన ఒక పరిశోధనని మాత్రం దాచిపెట్టాలి. డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించారు. ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థుల చేత తాము తీసిన ఫొటోల్లో రెండు ప్రింటు చేయించి, ఒకటే ఉంచుకోమన్నారు. కొందరికి కొన్నాళ్ళలోపు మార్చుకోవచ్చన్నారు, కొందరికి ఇక మార్చే వీలు లేదన్నారు. మార్చుకునే వీలున్నవాళ్ళకే తమ ఫొటో తక్కువ నచ్చింది. ఇక మారదని తేలినవాళ్ళు తమదాన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. మార్చుకునే వీలు వల్ల తమ ఇష్టం తగ్గుతుందని ముందుగా ఎవరూ ఊహించలేకపోయారు. నచ్చితే కట్టుబడదామని మనం కూర్చుంటే, కట్టుబడ్డాకే నచ్చుతుందని వీళ్ళంటున్నారు. ఇది గనక నిజమైతే మన విద్యంతా మట్టిగొట్టుకుపోయినట్టే.

ఎవరి దగ్గరికి వెళ్ళకూడదు

నానమ్మ దగ్గరికి వెళ్ళొచ్చు, ప్రమాదం లేదు. "మీ తాతయ్యని పెళ్ళిపీటల మీదే మొదటిసారి చూశాను, ఏం, బతకలేదా?" అంటుంది. అది ఆమె తీసుకున్న నిర్ణయం కాదు. మాట ఇచ్చింది ఆమె తండ్రి, ఆమెని ఎవరూ అడగలేదు. ఆ మాట గుర్తుచేస్తే ఆవిడే ఊరుకుంటుంది.

తప్పించుకు తిరగాల్సింది మృగశిర కార్తెలో పత్తి గింజ నాటే రైతుని. నాలుగు చినుకులు పడగానే నాటేస్తాడు. వాన మొహం చాటేస్తే గింజ మాడిపోతుంది, మళ్ళీ అప్పుచేసి గింజలు కొని నాటుతాడు. ఇంకో వారం చూసి పూర్తిగా నమ్మకం కుదిరాక నాటితే పోదా అని అడిగి చూడండి. "అదును పోతుంది కద సార్" అంటాడు. ఆ మాట అంటువ్యాధి. చెవిలో పడితే రాత్రికి నిద్రపట్టదు.

పొరపాటున మాట ఇచ్చేస్తే

ఎంత జాగ్రత్తగా ఉన్నా మనవాళ్ళలో ఎవరో ఒకరు జారతారు. లక్షణాలు గుర్తుపట్టండి. మొదటి రాత్రి భయంతో చెమటలు పడతాయి. ఇది మంచి సూచన, ఆశ పెట్టుకోవచ్చు. వెంటనే పాత బయోడేటాలు ముందు పెట్టండి, అమ్ముడైపోయిన తూర్పు వాకిలి ఫ్లాటు ఫొటో పంపండి.

మూడో రోజుకి లక్షణాలు మారితే కష్టం. ఇదా అదా అనే ప్రశ్నలు ఆగిపోయి ఎలా, ఎప్పుడు, ఎంత అనే ప్రశ్నలు మొదలవుతాయి. ఫంక్షన్ హాల్ వాడితో జనరేటర్ డీజిల్ ఎవరిదని బేరమాడతాడు. వంటాయనతో గుత్తివంకాయ కూర పెడితే అప్పడాలు తీసెయ్యాలా అని వాదిస్తాడు. పాత బయోడేటా పంపితే తెరిచి కూడా చూడడు. "ఇంతకన్నా మంచిది దొరికేదేమో ఆలోచించావా?" అని చెవిలో ఊదితే, "ఏమో, దొరికేదేమో. టెంట్ హౌస్ వాడికి ఫోన్ చెయ్యాలి, మళ్ళీ మాట్లాడతా" అంటాడు.

అలాంటివాడి మీద ఈ చిట్కాలేవీ పనిచెయ్యవు. వదిలేయండి, వాడికి పనుంది.